ఎడమ కాలి ఉస్తాద్

నా ఎడమ కాలికి ఉద్యోగం పోయి మూడేళ్లు దాటింది. అయినా అది రోజూ డ్యూటీకి వస్తూనే ఉంది.

గేర్లు తనంతట తానే మార్చుకునే కారు కొన్న మొదటి వారం. వీపనగండ్ల ఊరి మలుపులో ఒక బర్రె అడ్డం వచ్చింది. ఏళ్ల అలవాటు కొద్దీ నా ఎడమ కాలు లేచి క్లచ్ కోసం బలంగా దిగింది. అక్కడ క్లచ్ లేదు. ఆ జాగా దాకా వెడల్పుగా పరుచుకుని బ్రేకు ఉంది. క్లచ్‌ను తొక్కినంత గట్టిగా బ్రేకును తొక్కితే ఏమవుతుందో, ఆ రోజు నా పక్కన కూర్చున్న మా కాంపౌండరు నుదుటి మీది బొప్పి చెప్పింది. బర్రెకు ఏమీ కాలేదు. అది ఆగి, మా ఇద్దరినీ ఒకసారి చూసి, నెమరు వేసుకుంటూ వెళ్లిపోయింది. నేను పశువుల డాక్టరును గనక ఆ చూపు అర్థమైంది. ఇక్కడ రాయను.

కారు మారింది గాని కాలు మారలేదు. ఇప్పటికీ సిగ్నలు దగ్గర, స్పీడు బ్రేకరు ముందు అది కొద్దిగా కదులుతుంది. అలా కదిలినప్పుడల్లా దాన్ని పనిలో పెట్టిన మనిషి గుర్తొస్తాడు. ఆయన పోయిన వానాకాలం పోయాడు.

వనపర్తిలో ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. ఆయనకు పేరు లేక కాదు. ఉంది, దాన్ని లైసెన్సు మీద తప్ప ఎక్కడా ఖర్చు పెట్టలేదు. చాలా ఏళ్లు లారీ నడిపి, తర్వాత ఇంటి ముందు ఒక చిన్న కారు పెట్టుకుని నేర్పడం మొదలుపెట్టాడు. ఆ కారు రంగు ఒకప్పుడు తెలుపు అని పాత శిష్యులు చెప్పేవాళ్లు. వెనక అద్దం కింద ఆయన చేత్తోనే రాసిన బోర్డు ఉండేది: ‘నేర్సుకుంటున్నం. హారన్ కొట్టకుండ్రి. మీరు గూడ నేర్సుకున్నోళ్లే.’ అయినా ఎవరైనా వెనక నుంచి హారన్ మోగిస్తే ఆయన తిట్టేవాడు కాదు. కారు పక్కకు ఆపించి, తాపీగా దిగి, భుజం మీది తువ్వాలుతో ఆ బోర్డును ఒకసారి తుడిచి, తాపీగా వచ్చి కూర్చునేవాడు. లారీ డ్రైవర్లు కూడా తలదించుకుని పోయేవాళ్లు.

నేను ఆయన దగ్గర చేరేనాటికి నాకు నలభై దాటాయి. కాపురం వనపర్తిలో, పశువుల దవాఖాన వీపనగండ్లలో. షేర్ ఆటోలో డ్రైవరు పక్కన అర సీటులో కూర్చుని సగం శరీరంతో ఉద్యోగానికి పోయేవాణ్ణి. మిగతా సగం రోడ్డు మీద వేలాడుతూ వెంట వచ్చేది.

మొదటి రోజు పాఠం ఐదు నిమిషాలు బాగానే సాగింది. ఆరో నిమిషంలో మేకల మంద వచ్చింది. అన్ని పెడళ్లూ మరిచిపోయి నా బుద్ధి వృత్తి దగ్గరికి పరిగెత్తింది. స్టీరింగును రెండు చేతులా నా వైపు గుంజుతూ ‘హో... హో... ఆగాగు’ అన్నాను. కారు ఆగింది. నా మాట విని కాదు, ఉస్తాద్ తన వైపు ఉన్న బ్రేకు తొక్కాడు గనక.

ఆయన నవ్వలేదు. మేకలన్నీ దాటేదాకా చూసి అన్నాడు: “డాక్టర్ సాబ్, అది పగ్గం గాదు. గుంజితె ఆగదు. ఇది గొడ్డు గాదు, నోటితోని చెప్తె ఇనదు. కాలుతోని చెప్పాలె.”

“చెప్తున్న ఉస్తాద్. భయంతోని మర్సిపోయిన.”

“నీ కాలు చెప్పుల ఉన్నది. రేపటి నించి ఎడమ చెప్పు మా వాకిట్లనే ఇడిసి రా.”

“ఒక్కటేనా?”

“ఒక్కటే. కుడి కాలు పనోడు. తొక్కుమంటె తొక్కుతది, లేవుమంటె లేస్తది. ఎడమ కాలు గట్ల గాదు, అది ఇనాలె. క్లచ్ కిందికెల్లి ఇంజను మాట్లాడుతది సాబ్. చెప్పుకు చెవులుంటయా?”

అలా ఆయన వాకిట్లో ఎప్పుడూ ఎడమ చెప్పులే వరుసగా ఉండేవి. పంతులుగారి తోలు చెప్పు, కాలేజీ పిల్లల రంగు చెప్పులు, ఎరువుల దుకాణాయన రబ్బరు చెప్పు. కొత్తవాళ్లు చూస్తే ఈ ఇంటికి ఒంటికాలి చుట్టాలు వచ్చారనుకునేవాళ్లు. ఒకరోజు నేను పాఠం అయ్యాక ఆలస్యమైందని, చెప్పు సంగతి మరిచి నేరుగా దవాఖానకు వెళ్లిపోయాను. దూడను పట్టుకొచ్చిన రైతు నా కాళ్లవంక చూసి, “సారూ, ఒక చెప్పు ఏ కుక్క ఎత్తుకపాయె?” అన్నాడు. “ఉస్తాద్ దగ్గర ఉంది” అన్నాను. “ఓ, కారు నేర్సుకుంటున్రా?” అని దూడను నా ముందుకు తోశాడు. అంతకంటే వివరం ఎవరికీ అక్కర్లేదు.

స్పీడు చూపించే మీటరు మీద ఆయన ఒక గుడ్డ కప్పేవాడు. “స్పీడు కండ్లతోని సూసుడు గాదు, చెవులతోని సూడాలె.” ఇంజను గొంతు పెరిగితే గేరు పెంచు, గొణిగితే తగ్గించు. ఆయన లెక్కలో ఇంజనుకు రెండే మాటలు ఉన్నాయి: ‘చాలు’ అని ఒకటి, ‘ఇంక’ అని ఒకటి. నాకు ఆ రెండూ ఒకేలా వినిపించేవి. పెళ్లయినప్పటి నుంచి ఇంట్లో కూడా అదే నా ఇబ్బంది.

ఇక నిమ్మకాయ.

కొత్త బండి కొంటే నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మనందరికీ తెలిసిందే. ఉస్తాద్ ఆ ఆచారాన్ని తిరగేశాడు. ఆయన దగ్గర నిమ్మకాయ తొక్కితే ఫెయిలు. ఊరి బయట మూతపడ్డ కంకర క్రషర్ ఉంది. టిప్పర్లు ఎక్కీ దిగీ గట్టిపడిన ఎర్రమట్టి దారి ఒకటి దాని గుట్ట మీదికి పోతుంది. సరిగ్గా సగం ఎత్తులో కారు ఆపించేవాడు. తానే దిగి వెనక టైరుకు బెత్తెడు దూరంలో నిమ్మకాయ పెట్టేవాడు. ఇప్పుడు కారు వెనక్కి జారకుండా ముందుకు కదలాలి. క్లచ్‌ను సగం లేపి, బండి ముక్కు కొంచెం లేచిందని ఎడమ కాలికి తెలిసిన క్షణాన బ్రేకు వదలాలి. తెలియకపోతే, వెనక నుంచి ‘చప్’ మని చిన్న చప్పుడు.

మా ప్రాంతంలో పచ్చడిని తొక్కు అంటాం. ఆ లెక్కన ఆ గుట్ట మీద నేను పెట్టినన్ని నిమ్మకాయ తొక్కులు ఎవరూ పెట్టి ఉండరు.

నిమ్మచెట్టు ఉస్తాద్ పెరట్లోదే, అంటే అక్కది. ఆయన భార్యను నేను అక్కా అనేవాణ్ణి. ఆమె నన్ను చూసినప్పుడల్లా చెట్టుకు అడ్డంగా నిలబడేది.

“మీ ఉస్తాద్ ఈ బడి వెట్టిన కాన్నించి ఇంట్ల నిమ్మకాయ తొక్కు లేకపాయె తమ్మీ. అన్ని టైర్లే తింటున్నయ్.”

“ఇయ్యాల ఒక్కటి చాలక్కా.”

“నిన్న గూడ గదే అన్నవు. నాకు నేర్పుమంటె మాత్రం ఆయనకు తీరది. నేర్పిస్త నేర్పిస్త అనుకుంట ముప్పయ్యేండ్ల కాన్నించి నన్ను న్యూట్రల్‌ల నిలవెట్టిండు.”

ఉస్తాద్ కారు కింద నుంచే బదులిచ్చేవాడు: “నీకెందుకే కారు? నేను లేనా?”

“ఉన్నవు, ఉన్నవు. కారు కింద ఉన్నవు.”

చివరికి ఒక పొద్దున నా వెనక ‘చప్’ వినిపించలేదు. కారు ముందుకు పాకింది. నేను గుట్ట మీద ఆపి, ఒంటి చెప్పుతో కిందికి పరిగెత్తుకొచ్చాను. నిమ్మకాయ పసుపుపచ్చగా, గుండ్రంగా, అలాగే ఉంది. మెడికల్ కౌన్సిలింగులో పశువుల సీటు వచ్చినప్పుడు కూడా నేను అంత సంతోషించలేదు. ఉస్తాద్ ఆ కాయను తువ్వాలుతో తుడిచి నా చేతిలో పెట్టి, “ఇంటికి తీస్కపో. షర్బత్ జేస్కో. ఇది నీ లైసెన్సు. ఆఫీసులిచ్చేది కాయిదం” అన్నాడు.

ఇలాంటి మనిషికి ఆటోమేటిక్ కార్లంటే ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు. ఒకసారి ఒక కాంట్రాక్టరు కొత్త బండి చూపించడానికి తెచ్చాడు. ఉస్తాద్ దాని చుట్టూ తిరిగి, డ్రైవరు తలుపు తీసి, వంగి కాళ్ల దగ్గర చూశాడు.

“రెండే ఉన్నయి. మూడోది యాడ వడిపోయింది?”

“దీనికి క్లచ్ ఉండదు ఉస్తాద్. ఎడమ కాలుకు రెస్టు.”

“మరి మెదడుకు?”

కాంట్రాక్టరు నవ్వేశాడు. ఉస్తాద్ తలుపు మెల్లగా వేసి, “కుర్సీకి చక్రాలు వెట్టిన్రు. కూసోని పో. నడుపుతున్న అనకు” అన్నాడు.

నాలుగేళ్ల కింద ఒక పొద్దున ఆయన ఎడమ పక్క లేవలేదు.

పక్షవాతమని పెద్ద దవాఖానలో కొన్ని వారాలు ఉంచారు. మాట వచ్చింది, కొంచెం ముద్దగా. చెయ్యి మెల్లగా వచ్చింది. కాలు మాత్రం రాలేదు. రాలేదంటే, పట్టుకుని నడిస్తే ఈడ్చుకుంటూ వచ్చేది, చెప్పినట్టు వినేది కాదు. నేను చూడటానికి వెళ్లేసరికి ఆయన మంచం అంచున కూర్చుని, నేల మీద ఒక ఇటుక పెట్టుకుని, దాన్ని ఎడమ పాదంతో నొక్కుతున్నాడు. నొక్కుతున్నానని ఆయన అనుకుంటున్నాడు. పాదం దాని మీద ఊరికే పడి ఉంది.

“ఇంటలేదు సాబ్. ఇంతమంది కాళ్లకు చెవులు వెట్టిన. నా కాలుకే చెవుడొచ్చింది.”

కారు మీద టార్పాలిన్ కప్పి ఉంది. వాకిట్లో ఒక్కటే ఎడమ చెప్పు. ఆయనదే. ఎప్పుడూ వేసుకోని చెప్పు గనక కొత్తదానిలా మెరుస్తోంది. దాని జత అరిగి సగమైంది.

ఆ రోజు ఆయన నాకు ఒక సంగతి చెప్పాడు. అంతకు ఏడెనిమిదేళ్ల ముందు గద్వాల నుంచి ఒక అమ్మాయి వచ్చిందట. మగ్గం నేసే ఇంటి పిల్ల. గద్వాల చీరలు మూటగట్టుకుని తెలకపల్లి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట దాకా పంతులమ్మలకూ ఆఫీసుల్లో ఆడవాళ్లకూ అమ్ముతుంది. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలికి ఇనుప పట్టీల బూటు. పక్క చక్రాలు బిగించిన స్కూటరు మీద తిరుగుతుంది. వాన వస్తే ఎంత ప్లాస్టిక్ చుట్టినా చీరలకు చెమ్మ పడుతుంది. చెమ్మ పట్టిన జరీ అంచును ఎవరూ కొనరు. అందుకని కారు నేర్పమని అడిగింది.

“ఏమన్నరు ఉస్తాద్?”

“కాలు సూసిన. మనిషిని సూడలే. ఎడమ కాలు లేంది క్లచ్ లేదు, క్లచ్ లేంది బండి లేదు, చీరెలు అమ్ముకో బిడ్డా అన్న. స్టీరింగుకు చేతులే గద ఉస్తాద్ కావల్సింది అన్నది. నేను నవ్విన సాబ్.” ఇటుక మీది పాదాన్ని చేత్తో లేపి పక్కన పెట్టుకున్నాడు. “నేను ఎనుకకు పంపింది ఆమెనొక్కదాన్నే. ఇప్పుడు పొద్దున లేస్తె ఆమెకు చెప్పిన మాటే నాకు ఇనవస్తుంది. ఎడమ కాలు లేంది బండి లేదు, పో.”

నేనేదో ధైర్యం చెప్పబోయాను. పశువుల డాక్టరు చెప్పే ధైర్యం మనుషులకు పెద్దగా అంటదు.

ఆ ఎండాకాలం నా మోకాళ్లు మొరాయించి, ఆటోమేటిక్ కారు ఒకటి పాతది కొన్నాను. ఆటోలో మొదలైన నా ప్రయాణం ఆటోమేటిక్ దాకా వచ్చిందని ఇంట్లో చెప్పుకున్నాను గాని ఉస్తాద్‌కు చెప్పలేదు. ఆయన ముందు ఆ కారుతో నిలబడటమంటే, సంగీతం నేర్పిన మాస్టారి ముందు రేడియో మోసుకెళ్లి నిలబడినట్టే. అందుకని వెనక గల్లీలో ఆపి, నడిచి వెళ్లి, మామూలు ముఖం పెట్టుకుని కూర్చున్నాను.

ఆయన చాయ్ కప్పు కింద పెట్టాడు.

“బండి ఎనుక గల్లీల ఎందుకు నిలవెట్టినవు?”

“ఏ బండి ఉస్తాద్?”

“సెకండు నుంచి ఫస్టుకు దిగంగ ఎటు తోచక జర తండ్లాడింది. మనిషి గట్ల తండ్లాడడు. అది తనంతల తాను మార్సుకున్నది. మూడోది లేని బండి కొన్నవు.”

అక్క లోపలి నుంచి నవ్వింది. నేను దొరికిపోయిన దూడలా తలవంచుకున్నాను. ఆయన కోప్పడలేదు. కర్ర అందుకున్నాడు. “పా. గుట్టకు పోదాం. ఏమే, ఒక నిమ్మకాయ తే.”

“ఎవల పరీక్ష?” అంది అక్క.

“బండి పరీక్ష.”

అక్క మా వెంట వస్తూ కొంగులో రెండు కాయలు కట్టుకుంది. నా చరిత్ర తెలిసిన మనిషి.

క్రషర్ దారిలో సగం ఎత్తున ఆపించాడు. అక్క దిగి వెనక టైరు దగ్గర నిమ్మకాయ పెట్టింది. నాకు భయం లేదు. ఆటోమేటిక్ కదా, అంతా అదే చూసుకుంటుందని కారు అమ్మినవాడు చెప్పాడు. దర్జాగా బ్రేకు మీది నుంచి కాలు తీశాను.

కారు వెనక్కి జారింది. చప్.

“తొక్కింది! తొక్కింది!” అని అక్క వెనక నుంచి అరిచింది.

ఉస్తాద్ మొదట కదల్లేదు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. అనారోగ్యం తర్వాత ఆయన నవ్వడం నేను చూడలేదు. ఒక పక్క పెదవే లేస్తోంది, అయినా కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

“మల్ల ఇంజను లేపు. ఊరికె లేపు. ఇననియ్యి.” తల వంచి విన్నాడు. ఇంకోసారి చేయించి విన్నాడు. “సాబ్, క్లచ్ పోలేదు. లోపలికి పోయింది. గేర్లు గవే, డబ్బా గదే. నీ కాలు చేసే పని లోపల ఏదో మోటరు చేస్తుంది. గాని దానికి ఎత్తు తెల్వదు. బండి ముక్కు లేసిందా లేదా దానికేం ఎరుక?” అక్క రెండో కాయ పెట్టేదాకా ఆగి, నా చెయ్యి తీసుకుని మధ్యలో ఉన్న హ్యాండ్‌బ్రేకు మీద పెట్టాడు. “గుంజు. ఇప్పుడు కుడి కాలుతోని జర తొక్కు. ఇంక. ముక్కు లేస్తుందా? నడుముకు తెలుస్తది. తెలిసిందా? ఇడువు.”

కారు ముందుకు పాకింది. రెండో నిమ్మకాయ మిగిలింది.

ఉస్తాద్ కిటికీలోంచి ఆ ఎర్రమట్టి దారిని కిందిదాకా చూశాడు. “దీనికి గూడ నేర్పాలె” అన్నాడు, ఎవరో పోగొట్టుకున్న వస్తువు దొరికితే చెప్పినట్టు. “చేతులతోని నేర్పాలె. సాబ్, గా చీరెల అమ్మాయి యాడున్నదో పట్టుకరా.”

నేను గద్వాల మగ్గాల వీధులన్నీ వెతకాలని సెలవు పెట్టాను. మా ఆవిడ సంగతి విని, “ఆమె నంబరు నా దగ్గరుంది. నా బీరువాలో చీరలు ఎక్కడివనుకున్నారు?” అంది. నేను ఆ బీరువా వైపు ఎప్పుడూ చూడలేదు. చూసి ఉంటే ఆ అమ్మాయి ముందే దొరికేది, ఆ సెలవూ మిగిలేది.

ఫోనులో ఉస్తాద్ మాట ఎత్తగానే ఆమె గొంతు మారింది.

“అప్పుడు నాకు కాలు లేదన్నడు. ఇప్పుడు మొలిసిందని ఎవలన్న చెప్పిన్రా డాక్టర్ సార్?”

“లేదమ్మా. ఆయన కాలు పోయింది. నీది పోయిన వైపే.”

  “ఐతారం వస్త” అంది.

ఆదివారం పొద్దున స్కూటరు చప్పుడు వినిపించగానే ఉస్తాద్ అక్కను పక్కకు పొమ్మని, కర్ర పట్టుకుని తానే వాకిట్లోకి వచ్చాడు. ముప్పయ్యేళ్లు దాటిన అమ్మాయి, సన్నగా, కొంచెం పొగరుగా ఉంది. నడిస్తే ఇనుప పట్టీ టిక్కుమంటోంది. గడప ముందు ఆగి తన కాళ్లవంక, ఆయన కాళ్లవంక చూసింది.

“ఎడమ చెప్పు ఇడువాలె అన్నరు ఊర్ల. నాది బూటు. ఇప్పితే నిలవడలేను.”

ఉస్తాద్ క్షమించమని అనలేదు. ఆ మాట ఆయన ఎప్పుడూ అనగా వినలేదు. కర్ర గోడకు ఆనించి, ఒక చేత్తో తలుపు పట్టుకుని, తన ఎడమ కాలిని మెల్లగా ఈడ్చి, దాంతోనే మెరుస్తున్న ఆ చెప్పును ఆమె బూటు పక్కకు జరిపాడు.

“బూటు ఉండనియ్యి బిడ్డా. నీ ఎడమ కాలుకూ నా ఎడమ కాలుకూ ఇయ్యాల్టి నించి పనిలేదు. అవి రెండు ముచ్చట వెట్టుకుంట కూసుంటయి. మనం పోయి బండి నడుపుదాం. అప్పుడు నేను కాలునే సూసిన.”

ఆమె ముఖం తిప్పుకుంది. అక్క నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ రోజుకు అంతే మాటలు.

నా కారుకు ఉస్తాద్ వైపు పెడళ్లు లేవు. ఆయనకు మిగిలింది మధ్యలో ఉన్న హ్యాండ్‌బ్రేకు. దాని మీద చెయ్యి వేసుకుని రెండు నెలలు నేర్పాడు, వారానికి మూడు రోజులు, క్రషర్ ఆవరణలో, తర్వాత కొత్తకోట రోడ్డు మీద. వెనక సీట్లో నేను. నా కారులో నేను ప్రయాణికుణ్ణి. మీటరు మీద గుడ్డ కప్పాడు, వెనక పాత బోర్డు కట్టాడు. ఎడమ కాలి గురించి మాట్లాడటం మానేశాడు. “నడుముతోని ఇను బిడ్డా. సీటు కిందికెల్లి చెప్తది” అనేవాడు. అరవై ఐదేళ్ల వయసులో, ఒక పక్క పడిపోయాక, ఆ మనిషి తన పాఠమంతా విప్పి మళ్లీ కుట్టుకున్నాడు.

ఆమె ఊరికే మాట పడే మనిషి కాదు. ఒకరోజు ఆయన “మెల్లగ, మెల్లగ” అంటే, “ఏడేండ్లు ఆగిన ఉస్తాద్, ఇంక ఎంత మెల్లగ?” అంది. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని కిటికీ వైపు చూస్తూ చాలాసేపు నవ్వుకున్నాడు.

గుట్ట మీద ఆమె ఒక్క నిమ్మకాయే చితికించింది. రెండోది మిగిలింది. సైడు చక్రాల స్కూటరును ఎత్తుల్లో చేత్తో ఆపుకుని ఆపుకుని ఆమె చేతులకు ఆ విద్య ముందే వచ్చట. నేను మనస్ఫూర్తిగా అభినందించాను. కొంచెం అసూయపడ్డాను కూడా. నా లెక్క అక్కకు తెలుసు.

లైసెన్సుకు రెండుసార్లు తిప్పారు, మూడోసారి వచ్చింది. అప్పూ సప్పూ ఏం చేసిందో గాని ఆమె పాత ఆటోమేటిక్ ఒకటి కొనుక్కుంది. ఆ తర్వాత ఉస్తాద్ దగ్గరికి ఇంకా కొందరు వచ్చారు. ఒక కాలు సరిగ్గా లేనివాళ్లు, క్లచ్ అంటే భయపడి ఆగిపోయిన పంతులమ్మలు. టార్పాలిన్ కింది పాత కారు మాత్రం అలాగే ఉంది. ఆయన అప్పుడప్పుడు దాని బానెట్ మీద చెయ్యి వేసి, ‘నీకు అన్యాలం చెయ్యలేదు’ అన్నట్టు రెండుసార్లు తట్టేవాడు.

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం, అన్నం తిని, మంచం మీద పడుకుని, లేవలేదు. ఆ రోజు ఆ అమ్మాయి గద్వాల నుంచి కృష్ణ వంతెన దాటి, జోరువానలో కారు నడుపుకుంటూ వచ్చింది. వెనక సీటు నిండా చీరల మూటలు, పొడిగా. అచ్చంపేట పోవాల్సిన సరుకట. ఆ ప్రయాణం మానుకుని ఇటే వచ్చేసింది.

నెల దాటాక ఒక ఆదివారం ఆమె అక్కను చూడటానికి మళ్లీ వచ్చింది. నేనూ వెళ్లాను. ముగ్గురం చాయ్ తాగాం.  అక్క లేచి పెరట్లోకి వెళ్లింది. వచ్చేటప్పుడు కొంగు ముడి వేసి ఉంది.

“గుట్టకు పోదాం పాండ్రి” అంది.

అమ్మాయి నడిపింది. వాన వెలిసి ఎర్రమట్టి మెత్తగా ఉంది. సగం ఎత్తున ఆపింది. అక్క దిగి, టైరు వెనక నిమ్మకాయ పెట్టి, పక్కకు జరిగి నిలబడింది. హ్యాండ్‌బ్రేకు లేచింది, ఇంజను గొంతు కొంచెం పెరిగింది, బండి ముక్కు లేచింది. వెనక సీట్లో నా ఎడమ కాలు తనంతట తానే కింది చాపను గట్టిగా నొక్కింది. కారు ముందుకు పోయింది.

అక్క వంగి నిమ్మకాయను తీసి, మట్టి తుడిచి, గాలిలోకి లేపి చూపించింది. “ఉన్నది! ఉన్నది!”

అమ్మాయి కారును గుట్ట మీద చదునులో ఆపింది. అక్క ఎక్కుతుందని నేను వెనక తలుపు తెరిచి పట్టుకున్నాను. ఆమె నా వైపు రాలేదు. కారు ముందు నుంచి చుట్టూ తిరిగి, డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

“ఏంది పెద్దమ్మా?” అంది అమ్మాయి అద్దం దించి.

అక్క నిమ్మకాయను కొంగులో ముడి వేసుకుంటూ నిలబడింది. నేను కిందికి చూశాను. కుడి కాలికి చెప్పు ఉంది. ఎడమ పాదం ఉత్తది, ఎర్రమట్టిలో. ఆ చెప్పును ఇంటి వాకిట్లోనే వదిలి వచ్చింది.

అమ్మాయి కూడా చూసింది. ఇంజను ఆపి, బూటు కాలిని రెండు చేతులతో బయటికి తీసుకుని, దిగి, సీటు ఖాళీ చేసింది.